బిడ్డ లేకుండానే పాలు వస్తుంటే: ముందు స్కానా, రక్తపరీక్షా?

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు మన ఇళ్లలో ఈ విషయం ఎవరూ గట్టిగా మాట్లాడరు. బిడ్డ పాలు మానేసి ఏళ్లయినా, అసలు పెళ్లే కాకపోయినా రొమ్ముల నుంచి పాలు వస్తున్నాయంటే ఆ అమ్మాయి ముందు భయపడుతుంది, తర్వాత సిగ్గుతో దాచుకుంటుంది. చివరికి అప్పకో వదినకో చెప్తే, ఎవరో ఒకరు 'తలలో గడ్డేమో' అంటారు, ఇక అప్పోసప్పో చేసి బరంపురమో విశాఖో ఎం.ఆర్.ఐ. స్కాన్‌కి పరుగు. నేను గట్టిగా చెప్పేది, ముందు రక్తపరీక్ష. స్కాన్ తర్వాత, అదీ అవసరం పడితేనే. (పాలు మాన్పించి కొన్ని నెలలే అయితే కాస్త కాస్త రావడం మామూలే, టెన్షన్ పడకండి.)

పాలు పట్టించే హార్మోన్ ప్రొలాక్టిన్. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దాన్ని వదులుతుంది, మెదడులో తయారయ్యే డోపమైన్ అనే రసాయనం దాన్ని అదుపులో ఉంచుతుంది. ఆ అదుపు తప్పడానికి గడ్డే ఉండాలని లేదు. గ్యాస్‌కనీ కడుపుమంటకనీ మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు చూడండి, చాలావాటిలో డోంపెరిడోనో లెవోసల్‌పిరైడో కలిసి ఉంటుంది. ఈ రెండూ డోపమైన్‌ని అడ్డుకుంటాయి. నెలల తరబడి అవే మింగుతూ పాలు ఎందుకొస్తున్నాయని స్కాన్ తీయించుకుంటే ఏం లాభం? కాబట్టి డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడుతున్న మందులన్నీ, ఆ మాత్రల షీట్లతో సహా పట్టుకెళ్లండి. మానసిక సమస్యలకిచ్చే రిస్పెరిడోన్ కూడా ప్రొలాక్టిన్‌ని బాగా పెంచుతుంది, కానీ దాన్ని మీ అంతట మీరు ఆపేయకూడదు, రాసిన డాక్టరే మార్చాలి.

రెండోది థైరాయిడ్. అది బాగా తగ్గితే, దాన్ని లేపడానికి మెదడు పంపే హార్మోనే ప్రొలాక్టిన్‌ని కూడా పెంచేస్తుంది. అలాంటివాళ్లకి ముందే స్కాన్ తీస్తే పిట్యూటరీ ఉబ్బి, గడ్డలాగే కనబడొచ్చు. రోజూ వేసుకునే థైరాక్సిన్ మాత్రతో తగ్గిపోయేదానికి ఇంట్లో ఆపరేషన్ భయం మొదలవుతుంది. నేను రక్తపరీక్ష వైపు నిలబడేది ముఖ్యంగా ఇందుకే.

గర్భం ఉందో లేదో చూసే పరీక్ష, టి.ఎస్.హెచ్. (థైరాయిడ్ కోసం), క్రియాటినిన్ (కిడ్నీల కోసం), ప్రొలాక్టిన్. మొదట ఇవి చాలు, దగ్గరి ల్యాబులో రక్తం ఇస్తే సరిపోతుంది. కాకపోతే బస్సు దిగి ఆయాసంతో వెళ్లి వెంటనే ఇవ్వకండి, నిద్ర లేచి గంటో రెండు గంటలో అయ్యాక, కాసేపు కూర్చుని ఇవ్వండి. కంగారుకి, శ్రమకి కూడా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. గర్భం లేని ఆడవాళ్లకి సాధారణంగా మిల్లీలీటరుకి 25 నానోగ్రాముల లోపు ఉంటుంది. కొద్దిగా ఎక్కువుంటే మళ్లీ చేయించాలి. 200 దాటితే గడ్డ ఉండే అవకాశం ఎక్కువ, అప్పుడు ఎం.ఆర్.ఐ. తప్పదు. ప్రొలాక్టిన్ మామూలుగా ఉండి నెలసరి సరిగ్గా వస్తుంటే చాలామందికి మందు కూడా అక్కర్లేదు.

తగ్గని తలనొప్పి, పక్కచూపు తగ్గడం ఉంటే మాత్రం స్కాన్‌కి ఆలస్యం చేయొద్దు. ఇక ఒక రొమ్ము నుంచే కారుతున్నా, రక్తం కనిపించినా, గడ్డ చేతికి తగిలినా ఆ దారే వేరు, వెంటనే రొమ్ము పరీక్ష చేయించుకోవాలి.

పిట్యూటరీలో ప్రొలాక్టిన్ గడ్డే అని తేలినా చాలామందికి కత్తి అవసరం రాదు, మాత్రలతోనే కుదించుకుపోతుంది. బ్రోమోక్రిప్టిన్ పాతది, రోజూ వేసుకోవాలి, వికారం, కళ్లు తిరగడం ఎక్కువ. కాబెర్గోలిన్ వారానికి ఒకటి రెండుసార్లు చాలు. 1994లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో 459 మంది ఆడవాళ్లలో కొందరికి ఒకటి, మిగతావాళ్లకి రెండోది ఇచ్చి చూస్తే, కాబెర్గోలిన్‌తో 83 శాతం మందికి, బ్రోమోక్రిప్టిన్‌తో 59 శాతం మందికి ప్రొలాక్టిన్ మామూలు స్థాయికి వచ్చింది. మందు పడక మానేసినవాళ్లు కాబెర్గోలిన్‌తో 3 శాతం, బ్రోమోక్రిప్టిన్‌తో 12 శాతం. నన్నడిగితే కాబెర్గోలినే మేలు. పిల్లల కోసం చూస్తున్నవాళ్లకి బ్రోమోక్రిప్టిన్ రాసే డాక్టర్లూ ఉన్నారు, గర్భిణుల విషయంలో దాని అనుభవం ఎక్కువ కాబట్టి అది తప్పేం కాదు. ఏది వాడుతున్నా నెల తప్పితే అదే రోజు డాక్టరుకి చెప్పండి, చిన్న గడ్డయితే సాధారణంగా మందు ఆపేస్తారు, పెద్దదైతే కొనసాగించాల్సి రావొచ్చు.