మైలాపూరా, టి.నగరా: కాపురానికి ఏది మేలు?

మద్రాసు అనగానే మన పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది టి.నగర్‌లోని పాండీబజారు. ఆ పేట మీద తెలుగువాళ్లకు మమకారం ఊరికే రాలేదు. పేట పేరులోని ‘టి’ జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టిది. నడిమధ్య పార్కు పేరు 1921 నుంచి 1926 వరకు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పానగల్లు రాజాది. బజుల్లా రోడ్డులో ఎన్టీఆర్ ఇల్లు ఉండేది. తిరుపతిలో మొక్కు తీర్చుకున్న యాత్రికులు అటునుంచి అటే వచ్చి ఆ గేటు ముందు నిలబడేవారు.

మైలాపూరులో మనకున్న గుర్తు వేరు. పొట్టి శ్రీరాములు 58 రోజులు దీక్ష చేసి, 1952 డిసెంబరు 15న కన్నుమూసింది అక్కడే, రాయపేట హైరోడ్డులోని బులుసు సాంబమూర్తి ఇంట్లో.

అభిమానం సంగతి సరే, కాపురం మాటకొస్తే నా ఓటు మైలాపూరుకే. విచిత్రం ఏమిటంటే, ఇళ్ల కోసమని పనిగట్టుకుని వేసిన పేట టి.నగర్. 1920లలో లాంగ్ ట్యాంక్ అనే పెద్ద చెరువును పూడ్చి, పార్కు చుట్టూ వీధులు తీర్చారు. ఇప్పుడు మాంబళం స్టేషనులో రైలు దిగినవాళ్లు నేరుగా రంగనాథన్ వీధిలో పడతారు. ఉస్మాన్ రోడ్డు దాకా భుజం భుజం రాసుకుంటూ నడవాలి. దుకాణాలు అంతస్తు మీద అంతస్తు లేచాయి. పండగ ముందు సరే, మామూలు మంగళవారం కూడా అంతే!

మైలాపూరులో జనం ఉండరని కాదు. ఫాల్గుణ మాసంలో అరవై ముగ్గురు నాయన్మార్ల (తమిళ శివభక్తుల) ఊరేగింపు రోజున మాడవీధుల్లో కాలు పెట్టలేం. కానీ ఆ జనం తిథి చూసుకుని వస్తారు, ఉత్సవం కాగానే వెళ్లిపోతారు. మర్నాడు వీధి మళ్లీ ఇంటివాళ్లదే. అక్కడి గుళ్లో కపాలీశ్వరుడు పడమటి ముఖంగా కోనేటి వైపు చూస్తుంటాడు. సాయంత్రం ఆ గట్టు పక్కన నిలబడితే ఎదురుగాలి తగులుతుంది. ఇళ్లు పాతవి, సందులు ఇరుకు, కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. ఆ బాధ నిజమే.

టి.నగర్ లోపలి వీధుల్లో చెట్లున్నాయి, ఇంకా కాస్త నిశ్శబ్దమూ ఉంది. అక్కడ ఇల్లు చూడబోతే మాత్రం నేను వాస్తు కంటే ముందు అడిగేది ఒకటే: 2021 నవంబరు వానలకు నీళ్లు ఎన్నో మెట్టు దాకా వచ్చాయి?