తాగినోడా, గంజాయి పీల్చినోడా?

నార్కట్‌పల్లి దాబాల దగ్గర లారీ డ్రైవర్లు అనే మాటే ఇది: "గంజాయి కొట్టినోడు మెల్లగ పోతడు, తాగినోడే గుద్దుతడు."

సగం నిజమే. రోడ్డు ప్రమాదాల్లో తప్పెవరిదని లెక్కతీసిన పరిశోధనల్లో మద్యం పాత్ర చాలా స్పష్టం. రక్తంలో మోతాదు పెరిగేకొద్దీ తప్పు తాగినవాడిదే అయ్యే అవకాశం అంతకంతకూ ఎక్కువవుతుంది. పైగా బాగానే నడుపుతున్నానన్న ధీమా ఒకటి! గంజాయి ఒక్కటే అయితే ఆ పెరుగుదల తక్కువ, కొన్ని అధ్యయనాల్లో దాదాపు కనిపించలేదు. కానీ మెల్లగా పోవడం వేరు, గేదె అడ్డమొస్తే టైముకు బ్రేక్ తొక్కడం వేరు. మద్యం, గంజాయి రెండూ కలిస్తే మరీ ఘోరం.

పట్టుకోవడంలో తేడా ఇంకా పెద్దది. మద్యానికి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములని గీత ఉంది, ఊదిస్తే తేలిపోతుంది. గంజాయికి అలాంటి గీత లేదు. మొన్న పీల్చింది ఇవాళ మూత్రంలో కనపడుతుంది. మరి గుద్దినప్పుడు మత్తులో ఉన్నట్టా, లేనట్టా? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద శిక్ష మాత్రం రెంటికీ ఒకటే: మొదటిసారి 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

మన పాలమూరు వైపు మూడోది కూడా ఉంది, అల్ప్రాజోలం అనే నిద్రమందు కలిపిన కల్తీ కల్లు. ఊదిస్తే అందులోని మద్యమే తెలుస్తుంది. నిద్ర ముంచుకొచ్చేలా చేసే ఆ మందు తెలియదు.