ఎడారి చలిలో స్క్వీజ్ ఫిల్టర్: చాలాకాలం వాడాక

మెక్సికో సరిహద్దు నుంచి యూటా సరిహద్దు దాకా దాదాపు 1,290 కి.మీ. సాగే అమెరికా కాలిబాట అరిజోనా ట్రెయిల్‌లో, దక్షిణాన ఉన్న సొనోరన్ ఎడారి భాగాన్ని చలికాలంలో నడిచేవారికి 0.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రంధ్రాల హాలో ఫైబర్ స్క్వీజ్ ఫిల్టరే సరైనదని నా గట్టి అభిప్రాయం. మురికినీటి సంచికి దీన్ని బిగించి పిండితే, లోపలి సన్నటి బోలు గొట్టాల గోడల గుండా నీరు వడకట్టుకుని వస్తుంది. పంపు లేదు, బ్యాటరీ లేదు, బరువు వంద గ్రాముల లోపే. కానీ చలి నుంచీ ఒండ్రు నుంచీ దాన్ని కాపాడుకోవాలి.

ముందు చలి. పగలు ఒంటి చొక్కాతో నడిచేంత ఎండ ఉన్నా, పొడిగాలి వల్ల తెల్లవారుజామున సున్నా కిందికి దిగే రాత్రులు ఉంటాయి. ఒకసారి తడిసిన ఫిల్టర్‌లో నీరు ఎప్పటికీ పూర్తిగా పోదు. అది గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు చిట్లుతాయి. పైకి ఏమీ తెలియదు, నీరు మామూలుగానే వస్తుంది, కొన్నిసార్లు ఇంకా వేగంగా కూడా! గడ్డకట్టిందన్న అనుమానం వచ్చినా పారేయాల్సిందే. సాయంత్రం గట్టిగా దులిపి, జిప్ సంచిలో పెట్టి, స్లీపింగ్ బ్యాగులోకి తీసుకోండి. పొద్దున ఎండ తగిలేదాకా లోపలి జేబులోనే ఉంచండి. ఎండిన వాగు అడుగున గుడారం వేయొద్దు, చల్లగాలి అక్కడికే దిగి చేరుతుంది. కాస్త మెరక మీద పడుకుంటే తేడా బాగా తెలుస్తుంది.

ఇక ఒండ్రు. పశువుల కుంటలు, గీలా నది నీళ్లు చాలాసార్లు టీ రంగులో ఉంటాయి. నేరుగా పట్టి పిండితే రెండు మూడు లీటర్లకే ధార సన్నబడుతుంది. అప్పుడు బలంకొద్దీ పిండితే సంచి అతుకు దగ్గర ఊడుతుంది. మన ఊళ్లలో బురదనీటికి వాడే పటికే ఇక్కడా పనిచేస్తుంది. లీటరుకు చిటికెడు పొడి కలిపి, గంటసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని నూలుగుడ్డలో వడగట్టి, ఆ తర్వాతే ఫిల్టర్‌కు పట్టండి. రోజూ సిరంజితో శుభ్రమైన నీటిని, మంచినీరు వచ్చే కొన నుంచి వెనక్కి జోరుగా ఎక్కించండి. సంచి బదులు 28 మి.మీ. మర ఉన్న సోడా బాటిల్ ఎక్కువ కాలం మన్నుతుంది. ఫిల్టర్‌ను బాటిల్‌కు బిగించే చోట ఉండే రబ్బరు వాషర్ ఊడిపోతే మురికినీరు పక్కనుంచి కారి మంచినీటిలో కలుస్తుంది. అదనంగా ఒకటి ఉంచుకోండి.

నీటిలో కరిగిన వాటిని ఇది ఆపలేదు. గ్రాండ్ కాన్యన్‌లోని హార్న్ క్రీక్ అనే వాగు నీటిలో యురేనియం ఉంది. అక్కడ ఏ ఫిల్టరూ నమ్మొద్దు. వైరస్‌లనూ ఇది పట్టదు. అందుకు, ఫిల్టర్ పాడైతే ఆదుకోవడానికీ, క్లోరిన్ డయాక్సైడ్ మాత్రలు వెంట ఉండాలి. చల్లని మురికినీటిలో క్రిప్టోస్పోరిడియం (విరేచనాలు కలిగించే సూక్ష్మ పరాన్నజీవి) చావడానికి వాటికి నాలుగు గంటలు పడుతుంది కాబట్టి, రేపటి నీటికి రాత్రే మాత్ర వేసి పడుకోండి.