కోజుమెల్‌లో 140 డాలర్ల నీడ, 30 పేసోల గోంగూర నీళ్లు

ముందే చెప్పేస్తున్నా, క్రూజ్ మీద నాకేం ఫిర్యాదు లేదు. టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికోకి అయిదు రాత్రులు, రెండు ఇన్‌సైడ్ (కిటికీ లేని) గదులు, అయిదుగురం: నేను, మా ఆయన, తొమ్మిదేళ్ల పాప, కాకినాడ నుంచి వచ్చిన అమ్మా నాన్నా. పన్నులతో కలిపి 4,310 డాలర్లు, టిప్పుల పేరుతో మనిషికి రోజుకి 16 చొప్పున ఇంకో 400. క్రిస్మస్ వారం కాబట్టి ఆ రేటు, జనవరి చివర్లో వెళ్తే చాలా తగ్గుతుంది. డల్లాస్ నుంచి కారులో అయిదు గంటలు, పార్కింగ్ 110. ఓడ ఆగిన ఒక రేవు కోస్టా మాయాలో దిగాం, చూశాం, ఎక్కాం. కడుపుమంటంతా మెక్సికో ద్వీపం కోజుమెల్ దగ్గరే. ఆ రోజే మొత్తం ట్రిప్‌లోకి మంచి రోజు కూడా, అందుకే రాస్తున్నా.

అమ్మానాన్నల్ని తీసుకెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. చెల్లుబాటులో ఉన్న అమెరికా విజిటర్ వీసా ఉంటే మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు. కానీ తిరిగి అమెరికాలోకి రావాలి కదా, ఆ వీసా మల్టిపుల్ ఎంట్రీ అవునో కాదో బుక్ చేసే ముందే చూసుకోండి. ఒరిజినల్ పాస్‌పోర్టులు చేతిలో ఉండాలి. మా నాన్న వాటిని ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఆ కవర్ని బనీను లోపల పెట్టుకుని అయిదు రోజులూ తిరిగాడు.

ఇక కోజుమెల్. ఓడలు ఆగే రేవులు మూడున్నాయి. పుంటా లంగోస్తా ఒక్కటే శాన్ మిగెల్ ఊరి మధ్యలో ఉంది, మిగతా రెండూ నాలుగైదు కిలోమీటర్లు దక్షిణాన. మాది దక్షిణం వైపు. దిగగానే బయటికి దారి లేదు, దుకాణాల మధ్యలోంచి మెలికలు తిరుగుతూ పోవాలి, వెండి నగలు, వెనిల్లా సీసాలు, టెకీలా రుచి చూడండి అంటూ చేతిలో గ్లాసు పెట్టేవాళ్లు. ఆ సందు దాటితే టాక్సీ స్టాండు. అక్కడ రేట్ల బోర్డు ఉంది, బేరం లేదు, నలుగురి వరకు ఒక రేటు. మేం అయిదుగురం. పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అన్నా ఒప్పుకోలేదు, వ్యాను అన్నాడు, 30 డాలర్లు. అయిదో మనిషి ఉన్న కుటుంబం ఈ లెక్క ముందే వేసుకోవాలి.

నేను రెండు వారాలు కూర్చుని రివ్యూలు చదివి ఒక బీచ్ క్లబ్బు ఎంచుకున్నా. మనిషికి ఇంత అని ముందే కడితే తిండి, కుర్చీ, నీడ అన్నీ కలిసిపోయేవి. డ్రైవరు ఆ పేరు వినగానే తల అడ్డంగా ఊపాడు. ఈరోజు ఏడు ఓడలొచ్చాయి, అది నిండిపోయింది, నేను ఇంకా మంచిచోటికి తీసుకెళ్తా, ఎంట్రీ ఫ్రీ అన్నాడు. మా ఆయన నా చెవిలో, “వద్దు, మనం అనుకున్న చోటికే వెళ్దాం” అన్నారు. నేనే, పోనీలెండి ఫ్రీ కదా అన్నా. ఈ మాట ఇంట్లో ఇప్పటికి కనీసం నలభైసార్లు నాకు గుర్తు చేశారు.

ఫ్రీ ఎంట్రీ అంటే ఏంటో విడమరిచి చెప్తా వినండి. లోపలికి రానిస్తారు, డబ్బులడగరు. కుర్చీల్లో చేరబడి, చెప్పులు విప్పి, పాప నీళ్లలోకి దూకాక అప్పుడొస్తాడు వెయిటరు, నవ్వుతూ. పెద్దవాళ్లు మనిషికి కనీసం 20 డాలర్లది, పిల్లలైతే 10 డాలర్లది తినాలి లేదా తాగాలట. అంటే మా అయిదుగురికి 90. తినకపోయినా 90 కట్టాల్సిందే. తాటాకు గొడుగు కింద నీడ కావాలంటే ఇంకో 20. ఎదురుగా ముందు వరుస కుర్చీలన్నీ ఖాళీ, కూర్చోబోతే రిజర్వుడు అన్నారు. మేం వెళ్లేదాకా వాటిలో ఒక్క మనిషి కూర్చోలేదు. నాకిచ్చిన పడక కుర్చీకి నడుము దగ్గర రెండు పట్టీలు తెగి ఉన్నాయి, పడుకుంటే మధ్యలోకి జారి నవారు వదులైన మంచంలా వేలాడుతోంది.

అది ధనుర్మాసం. అమ్మ నీచు ముట్టదు. మెనూలో మాంసం లేనివి మూడో నాలుగో ఉన్నాయి. చిక్కుడుగింజల ముద్దలో పందికొవ్వు వేస్తారా అని అడిగితే, నో ప్రాబ్లెం నో ప్రాబ్లెం అంటాడు తప్ప వేస్తారో వెయ్యరో చెప్పడు. ఇది నిజంగా అడగాల్సిన ప్రశ్న, మెక్సికోలో చాలాచోట్ల ఆ ముద్దని కొవ్వులోనే వేయిస్తారు. చివరికి గ్వాకమోలే 12, కూరగాయల ఫహీతా 17, చీజ్ కెసడియా 11, చిప్స్ 8, మూడు కొబ్బరిబొండాలు 18, నాలుగు నిమ్మరసాలు 20. కూడితే 86. ఇంకో నాలుగు డాలర్లకి ఏం కొనాలో తెలీక వదిలేశాం, 90 వేశాడు. బొండాం ఆరు డాలర్లని తెలిశాక అమ్మ తాగడం మానేసి దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇంట్లో రెండు కొబ్బరిచెట్లున్న మనిషి.

నాన్న మాత్రం ఆ గొడుగు కింద కూర్చోనన్నాడు. నీడకి డబ్బులేంటి అని భుజం మీది తువ్వాలు తీసి నీళ్ల అంచున ఇసకలో పరుచుకుని కూర్చున్నాడు. క్లబ్బు కుర్రాడొకడు వచ్చి కుర్చీ చూపించాడు, నాన్న చెయ్యూపాడు, వాడింకేం అనలేదు. అనలేడు కూడా. మెక్సికోలో సముద్రతీరం చట్టప్రకారం జనానిది, క్లబ్బులు అమ్మేది కుర్చీలు, గొడుగులు, తిండే. అది తెలిసిన మొదటి మనిషి మా ఇంట్లో ఏమీ తెలియని నాన్నే అయ్యాడు.

సముద్రం గురించి కూడా చెప్పాలి, అది అన్యాయం చేసేది కాదు. పడమటి ఒడ్డున అలలు లేవు. నాన్నకి అది మొదట నచ్చలేదు, “ఇదేం సముద్రమే, మన ఊరి చెరువులా ఉంది” అన్నాడు. ఉప్పాడ దగ్గర కెరటాలు రోడ్డు మీదకొచ్చి కొట్టడం చూస్తూ పెరిగిన మనిషి మరి. కానీ మెడలోతు దిగి కిందకి చూస్తే కాలిగోళ్లు కనిపిస్తున్నాయి. కాకినాడలో మోకాలు దాటితే కాలే కనపడదు. తర్వాత నేనే చెప్పా: ఈ ద్వీపమూ ఎదురుగా ఉన్న యూకటాన్ నేలా అంతా సున్నపురాయి, వాన నీళ్లు లోపలికి ఇంకిపోతాయి, నేల మీద నదులుండవు, ఒండ్రు తెచ్చి కలిపేది లేదు. “అదీ సంగతి, గోదారి కలవలేదన్నమాట” అన్నాడు, కొంచెం జాలిగానే. పాప ఈత మాస్కు పెట్టుకుని నల్లచారల పసుపు చేపల గుంపు చూసి అరిచింది. మాస్కు ఇంటి నుంచే పట్టుకెళ్లండి, అక్కడ అద్దె 10. ఈ ద్వీపం చుట్టూ ఉన్న పగడపు దిబ్బల్లో చాలా భాగం 1996 నుంచి నేషనల్ పార్కు, మామూలు సన్‌స్క్రీన్ రాసుకుని దిగొద్దంటారు. పొడుగు చేతుల చొక్కా వేసేస్తే ఆ గొడవే లేదు.

బిల్లు వచ్చింది. 90, గొడుగు 20, సర్వీసు 15 శాతం అంటే 16.50, మొత్తం 126.50. సరే అని కార్డిచ్చాం. మెషీన్లో 2,530 పేసోలు కొట్టాడు. ఆ వారం డాలరుకి 18 పేసోలు నడుస్తోంది, వాడు 20 లెక్కన కొట్టాడు. అదే మనం పేసోల ధరకి డాలర్లిస్తే 15 లెక్కన తీసుకుంటారు, పక్క టేబులు వాళ్లకి అలాగే తీసుకున్నారు. ఎటు తిప్పినా వాళ్లకే. అడిగితే మేనేజర్ లేడన్నాడు. మాకు పడింది 140 డాలర్ల 50 సెంట్లు. పైగా చేతిలో రసీదు పెట్టి, సర్వీసు క్లబ్బుకి, నా టిప్పు వేరే అని నిలబడ్డాడు. మా ఆయన సంతకం పెట్టిన పెన్ను జేబులో పెట్టుకుని వచ్చేశారు, అదొక్కటే మాకు మిగిలింది.

బయటికొచ్చేసరికి ఎవరూ ఎవరితో మాట్లాడట్లేదు. నాన్న తువ్వాలు పిండుకుంటున్నాడు, అమ్మ ఆ బొండాం వదల్లేదు. టైము పన్నెండున్నర. ఓడకి వెళ్లిపోదాం అన్నారు మా ఆయన, అక్కడ తిండి ఫ్రీ అని ఒత్తి పలుకుతూ. నేనే పట్టుబట్టి శాన్ మిగెల్‌కి వ్యాను మాట్లాడా, ఇంకో 30. సముద్రం ఎదురు రోడ్డంతా ఓడవాళ్ల కోసమే, నగల షాపులు. కానీ చౌక్ దాటి లోపలికి నాలుగు వీధులు వెళ్లండి చాలు, స్కూటర్లు, మందుల షాపు, టైలరు, గుమ్మాల్లో కూర్చున్న ముసలమ్మలు, మామూలు ఊరు. బ్యాంకు ఏటీఎంలో వెయ్యి పేసోలు తీశాం. మీ డాలర్లలోకి మార్చమంటారా అని అడుగుతుంది, వద్దు అని నొక్కాలి, గుర్తుంచుకోండి.

మార్కెట్ దగ్గర్లో ఒక చిన్న హోటలు, ఆరు టేబుళ్లు, ప్లాస్టిక్ గుడ్డలు, ధరలన్నీ పేసోల్లో పలక మీద సుద్దతో రాసి ఉన్నాయి. పొయ్యి దగ్గర అమ్మ వయసావిడ. కౌంటర్ మీద పెద్ద గాజుజాడీలు మూడు, ఒకదాంట్లో ముదురు ఎరుపు నీళ్లు, పక్కన జల్లెడలో వడగట్టిన పిప్పి. అమ్మ సరాసరి వెళ్లి ఆ పిప్పిలోంచి ఒకటి తీసి వేళ్ల మధ్య విప్పింది. అయిదు రేకలు, కండగా, అడుగున చిన్న గుండ్రటి తొడిమ. నోట్లో వేసుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోతున్నా.

“ఒసే, ఇది గోంగూర కాయే! మన పెరట్లో ఎర్రగోంగూర ముదిరితే వస్తుందే, అది!”

నిజంగానే అదే. అక్కడ హమైకా అంటారు. మనం ఆకు తిని కాయ వదిలేస్తాం, వాళ్లు ఆ ఎర్ర రేకలు ఎండబెట్టి, మరిగించి, పంచదార వేసి తాగుతారు. ఆవిడ నవ్వి ఒక గ్లాసు నింపి ఇచ్చింది, ఊరికే. అమ్మ తాగి, పులుపు బానే ఉంది, ఉప్పూ మిరపకాయా పడితే ఇంకా బావుండేది అని తెలుగులోనే ఆవిడకి చెప్పింది. ఆవిడ స్పానిష్‌లో ఏదో చెప్పింది. పది నిమిషాలు మాట్లాడుకున్నారు ఇద్దరూ, ఎవరి భాషలో వాళ్లు. ఫోన్‌లో అనువాదం చేసి మాంతేకా, అంటే కొవ్వు, వద్దు అని చూపిస్తే, ఆవిడ వేలితో చిక్కుడుగింజల పులుసు గిన్నె చూపించి తల ఊపింది, దీంట్లో లేదని. సూటిగా సమాధానం. ఆ క్లబ్బులో ఇది కావాలనే కదా అరగంట అడిగాం.

అమ్మకి ఆ పులుసు, అన్నం, వేడి మొక్కజొన్న రొట్టెలు, పక్కన ఉల్లిపాయ టమాటాతో వేయించిన నోపాలెస్, అంటే నాగజెముడు మట్టలు. ముళ్లు గీసేసి తరిగి చేస్తారు, బెండకాయలా కొద్దిగా జిగురు. నాగజెముడు కూర తిన్నానని పొలం గట్ల మీద ఎవరికీ చెప్పొద్దంది. నాన్నకి మొత్తం చేప వేయించి ఇచ్చారు, తల తోక సహా, ధనుర్మాసం ఆయనకి వర్తించదు. బల్ల మీద చిన్న గిన్నెలో పచ్చి హబనేరో మిరప, ఉల్లిపాయ, టమాటా, పుల్లనారింజ రసంతో పచ్చడి. పేరు ష్నిపెక్, మాయా భాషలో కుక్కముక్కు అని అర్థమట, తింటే ముక్కు అలా తడిసిపోతుందని. నాలుగు రోజులుగా ఓడ తిండిలో కారం లేదని సణుగుతున్న నాన్న చెంచాడు కలిపేశాడు. తర్వాత కాసేపు మాట రాలేదు, కళ్లలోంచి నీళ్లు. తేరుకున్నాక మళ్లీ కలుపుకున్నాడు.

చేప 190, అమ్మకీ నాకూ చెరో 95, మా ఆయన చికెన్ 120, పాప కెసడియా 60, హమైకా ఆరు గ్లాసులు, ఒక్కోటి 30. మొత్తం 740 పేసోలు, 80 టిప్పిచ్చాం, ఈసారి ఎవరూ అడక్కుండానే. అంతా కలిపి 46 డాలర్లు దాటలేదు. మా ఆయన అక్కడే కాగితం న్యాప్‌కిన్ మీద రెండు బిల్లులూ పక్కపక్కన రాసి నాకిచ్చారు, ఆ పెన్నుతోనే.

ఓడ నాలుగున్నరకి ఎక్కమంది. ఇక్కడొక మెలిక. కోజుమెల్ ఉన్న కింతానా రో రాష్ట్రం ఏడాది పొడుగునా గడియారం మార్చదు, చలికాలంలో టెక్సాస్ కంటే గంట ముందుంటుంది. మా ఓడ టెక్సాస్ టైమే ఉంచేసింది. నా ఫోను మాత్రం దానంతటది మారిపోయి నాలుగు ఇరవై చూపిస్తోంది. నేను కేకలు వేసి అందర్నీ పరిగెత్తించా, టాక్సీ ఎక్కించా, తీరా రేవులో ఓడ టైము చూస్తే మూడున్నర. నాన్న చేతి గడియారం కాకినాడ టైములోనే ఉంది, తెల్లవారుజాము మూడు. పాలవాడు వచ్చే టైమైంది అన్నాడు. అక్కడికి వెళ్లేవాళ్లు ఓడ టైముకి ఒక వాచీ పెట్టుకుని దాన్ని ముట్టుకోకండి. వేసవిలో ఫ్లోరిడా నుంచి వెళ్తే ఇది తిరగబడుతుంది, ఫోను గంట వెనక చూపిస్తుంది, అప్పుడు ఓడ నిజంగానే వెళ్లిపోతుంది.

మళ్లీ వెళ్తే? డబ్బు ముందే కట్టే క్లబ్బయితే కడతా, లేదా పొద్దున ఊళ్లో తిని తువ్వాలు పట్టుకుని ఏదో ఒక ఒడ్డున దిగుతా. డ్రైవరు చెప్పిన చోటికి మాత్రం చచ్చినా వెళ్లను. తూర్పు ఒడ్డున నాన్నకి కావాల్సిన కెరటాలున్నాయట, ఈతకి పనికిరాదు గానీ చూడ్డానికి. అది చూడలేదని ఆయన కోపం ఇంకా ఉంది.

అమ్మ మార్కెట్లో పావుకిలో ఎండు హమైకా కొంది, 70 పేసోలు. గాల్వెస్టన్‌లో కస్టమ్స్ ఆయనకి చూపిస్తే, హమైకా అని ఆయనే పేరు చెప్పి పంపేశాడు. ఇంటికొచ్చాక మా ఆయన రెండు వీధుల అవతల మెక్సికన్ కొట్లో అదే సంచుల కొద్దీ అమ్ముతున్నారని చెప్పారు. అమ్మ వినిపించుకోలేదు. నానబెట్టి, ఎండుమిరపకాయలు, మెంతులు, వెల్లుల్లి వేయించి రోటి పచ్చడి నూరింది. బావుంది. అక్కడక్కడ ఇసక తగిలింది, సరిగ్గా కడగలేదని నన్నే అంది.