బ్రోషర్‌లో మూడు పగళ్ళు, గేటు లోపల ఒక్కటే

కెన్యా టూర్ అమ్మే ఏ బ్రోషర్ తీసినా నకురు సరస్సు బొమ్మ గులాబీ రంగులో ఉంటుంది. నీళ్ళు కనబడనంతగా ఫ్లెమింగోలు, వెనక కొండలు. హైదరాబాద్‌లో మాకు టూర్ అమ్మిన కంపెనీ పుస్తకంలోనూ అదే బొమ్మ, రెండు పేజీల నిండా. వెళ్ళి చూస్తే సరస్సు ఉంది, కొండలున్నాయి, ఫ్లెమింగోలు మాత్రం అవతలి ఒడ్డున ఎక్కడో ఉన్నాయి. బైనాక్యులర్స్ పెడితే గానీ అవి పక్షులని తెలియదు. మా గుంపులో సూళ్ళూరుపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నారు. "ఇంత దూరం వచ్చింది దీనికా? చలికాలంలో మా పులికాట్‌కి రండి, ఆర్టీసీ చార్జీతో ఇంతకి పదింతలు చూపిస్తా" అన్నారు. వ్యాన్‌లో అందరం నవ్వాం గానీ ఆయన మాటకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

ఇదేమీ ఎవరికీ తెలియని సంగతి కాదు. 2010 తర్వాత రిఫ్ట్ లోయలోని సరస్సులు పొంగుతూ వచ్చాయి. నకురులో మంచినీళ్ళు చేరి, నీళ్ళలో ఉండే సోడా ఖారం పలచబడింది, ఫ్లెమింగోలు తినే నాచు తగ్గింది, పక్షులు బొగోరియా లాంటి వేరే సరస్సులకి వలసపోయాయి. పార్కు పాత మెయిన్ గేటు నీళ్ళపాలైంది. ఒడ్డున ఉండాల్సిన తుమ్మజాతి చెట్లు ఎండి మోడులై సరస్సులోనే నిలబడి ఉన్నాయి. కంపెనీవాళ్ళకి ఇది తెలియదా? ఏటా గుంపుల్ని తీసుకెళ్తూనే ఉన్నారు కదా! బొమ్మ మారిస్తే ప్యాకేజీ అమ్ముడుపోదని భయం, అంతే. నిజానికి ఖడ్గమృగాల కోసం నకురు చాలా మంచి చోటు. 188 చదరపు కిలోమీటర్ల పార్కు, చుట్టూ కంచె, లోపల నల్ల రైనోలు, తెల్ల రైనోలు రెండూ ఉన్నాయి. మాకు తల్లీపిల్లా గడ్డి మేస్తూ రోడ్డు పక్కనే కనబడ్డాయి. ఆ బొమ్మ వేసి అమ్మి ఉంటే ఎవరికీ పేచీ ఉండేది కాదు.

అసలు దెబ్బ మసాయి మారాలో తగిలింది. ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, ఎందుకంటే మోసమంతా ఆ లెక్కలోనే ఉంది.

మాకిచ్చిన కాగితంలో "మసాయి మారా: 3 పగళ్ళు, 2 రాత్రులు" అని ఉంది. మసాయి మారా వన్యమృగాల రిజర్వుని నరోక్ కౌంటీ ప్రభుత్వం నడుపుతుంది. 2024 నుంచి విదేశీ పెద్దవాళ్ళకి టికెట్ జనవరి–జూన్ మధ్య రోజుకి 100 డాలర్లు, జూలై–డిసెంబరు మధ్య 200 డాలర్లు. ఆ టికెట్ ఉదయం 6 నుంచి సాయంత్రం 6 దాకానే చెల్లుతుంది. మేం వెళ్ళింది ఆగస్టులో, బస గేటు బయట. నకురులో టిఫిన్ చేసి బయల్దేరి, గుంతలు, లారీలు, నరోక్‌లో భోజనం అన్నీ దాటి క్యాంపు చేరేసరికి మూడున్నర. "సాయంత్రం గేమ్ డ్రైవ్" (అంటే బండిలో తిరుగుతూ జంతువుల్ని చూడటం) అని కాగితంలో ఉందే అని డ్రైవర్ని అడిగితే, "ఇప్పుడు లోపలికెళ్తే రెండు గంటల కోసం రోజంతటి టికెట్ కొనాలి సార్. నాకు ఆఫీసు నుంచి ఒక్క రోజుకే డబ్బు వచ్చింది" అన్నాడు. పాపం, అతను దాచకుండా చెప్పాడు. మూడో రోజు పొద్దున "గేమ్ డ్రైవ్ చేసుకుంటూ నైరోబీకి ప్రయాణం" అని ఉంది. అదీ అంతే. గేటు లోపలికి పోతే మళ్ళీ తలకి 200. కాబట్టి క్యాంపు నుంచి తారురోడ్డు ఎక్కేదాకా దారి పక్కన కనబడ్డ జీబ్రాలే ఆ రోజు గేమ్ డ్రైవ్.

అంటే మూడు పగళ్ళ మారాలో లోపల తిరిగింది ఒక్క పగలు. టికెట్ ఖరీదు గురించి నాకు గొడవ లేదు, అది గేటు దగ్గర బోర్డు మీద రాసిపెట్టిన ధర. ఆ ధర మిగుల్చుకోవడానికి మా సాయంత్రాన్నీ పొద్దునపూటనీ కోసేసి, కాగితంలో మాత్రం అలాగే ఉంచడం గొడవ. సఫారీ బేరమాడేటప్పుడు ఎన్ని పార్కులు, ఎన్ని రాత్రులు అని అడగడం కన్నా గేటు లోపల ఎన్ని గంటలు, ఎన్ని టికెట్లు అని అడగడం మేలు. ఆ ఒక్క ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పని కంపెనీ వద్దు.

క్యాంపు సంగతి. "మారాలో లగ్జరీ టెంట్" అంటే రిజర్వు లోపల అనుకుంటాం. మాది సెకెనాని గేటుకి బయట, ఊరిని ఆనుకుని ఉంది. సింహం గర్జన వినిపిస్తుందని పిల్లలకి చెప్పి తీసుకెళ్ళాం, వినిపించింది పక్క బార్‌లో స్పీకర్. కరెంటు జనరేటర్ మీద, సాయంత్రం ఆరు నుంచి పది దాకా. ఫోన్లూ కెమెరాలూ చార్జింగ్ పెట్టుకోవాలంటే రిసెప్షన్‌లో ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాని చుట్టూ జనం. వేడినీళ్ళు గంటసేపే వచ్చాయి. ఆఫ్రికా అంటే ఎండే అనుకుని స్వెటర్ లేకుండా వచ్చినవాళ్ళు తెల్లవారుజామున వణికిపోయారు. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్ల పైన ఉంది, ఆగస్టులో పొద్దుటి చలి మామూలుగా ఉండదు. టెంట్ మాత్రం శుభ్రంగా ఉంది, దుప్పట్లు మందంగా ఇచ్చారు, మనుషులు మర్యాదస్తులు. తిండికి లోటు లేదు. పప్పు, క్యాబేజీ, చపాతీ రోజూ ఉంటాయి. ఉగాలి మన సంకటికి దగ్గర చుట్టం. పెరుగు లేకపోతే ముద్ద దిగనివాళ్ళు దుకాణాల్లో ప్యాకెట్లలో దొరికే మాలా అడగండి. పులిసిన పాలు, చిక్కగా ఉంటాయి, అన్నంలోకి పనికొస్తాయి.

లోపల తిరిగిన ఆ ఒక్క పగలు ఎలా గడిచిందో చెప్తాను. పొద్దున్నే సింహాల గుంపు కనబడింది, బాగుంది. పది గంటలప్పుడు రేడియోలో స్వాహిలీలో ఏదో గరగరలాడింది. అందులో "చుయి" అన్న మాట వినగానే మా డ్రైవర్ గేరు మార్చాడు. చుయి అంటే చిరుత. వెళ్ళేసరికి ఒక చెట్టు, దాని చుట్టూ బండ్లే బండ్లు. ముప్పై దాకా లెక్కపెట్టి ఆపేశాను. ఒక జంతువు దగ్గర ఒకేసారి ఐదు బండ్లకి మించి ఉండకూడదన్నది అక్కడి నిబంధన. చెట్టు కొమ్మ మీంచి తోక వేలాడుతోంది, చిరుత అనడానికి ఆ తోకే గుర్తు. ఇంజన్లు ఎవరూ ఆపలేదు, డీజిల్ పొగ ముక్కుల్లోకి వస్తోంది. వెనక బండివాడు హారన్ కొట్టాడు, అడవిలో! కాసేపటికి చిరుత లేచి, చెట్టు దిగి పొదల్లోకి నడిచింది. దాని వెంట బండ్లన్నీ కదిలాయి. రెండు బండ్లు అయితే అది వెళ్ళే దారికి అడ్డంగా పోయి నిలబడ్డాయి. చిరుత ఆగి, వెనక్కి తిరిగి, వేరే పొదలోకి దూరిపోయింది. మా వ్యాన్‌లో చప్పట్లు కొట్టినవాళ్ళూ ఉన్నారు. నాకైతే అక్కడినుంచి పోదాం అనిపించింది.

మధ్యాహ్నం మారా నది ఒడ్డు. డబ్బాలో పెట్టిచ్చిన ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు, చల్లారిపోయిన శాండ్‌విచ్ తింటూ, నది దాటే వైల్డ్‌బీస్ట్‌ల కోసం (మందలుగా తిరిగే పెద్ద జింకజాతి జంతువులు) కూర్చున్నాం. వేల జంతువులు దుమ్ము లేపుకుంటూ ఒడ్డుదాకా వచ్చాయి. ముందున్నవి నీళ్ళ వాసన చూశాయి, మొసళ్ళని చూశాయో ఏమో, వెనక్కి తిరిగాయి. మళ్ళీ వచ్చాయి, మళ్ళీ తిరిగాయి. మూడింటికి అన్నీ మేతకి వెళ్ళిపోయాయి. దీనికి నేనెవరినీ తప్పుపట్టను. జూలై నుంచి అక్టోబరు దాకా అవి ఎప్పుడైనా దాటొచ్చు, దాటకపోనూ వచ్చు. కాకపోతే బ్రోషర్‌లో "గ్రేట్ మైగ్రేషన్ రివర్ క్రాసింగ్" అని రోజు, పూట వేసి రాయడం అన్యాయం. పైగా, దాటలేదని రాత్రి క్యాంపులో ఎంతసేపు తిట్టుకున్నా, ఒడ్డున బండ్లు గోడ కట్టినట్టు నిలబడితే జంతువులు మాత్రం ఎలా దిగుతాయి? 2025 జూలైలో టాంజానియా వైపు సెరెంగెటి ఉత్తరాన ఇలాగే పర్యాటకులు బండ్లు దిగి, నది దాటబోతున్న మందకి అడ్డంగా నిలబడ్డ వీడియో ప్రపంచమంతా తిరిగింది. అక్కడి అధికారులు తర్వాత నిబంధనలు గట్టిచేస్తామన్నారు.

రద్దీ వద్దనుకునేవాళ్ళకి మార్గం లేకపోలేదు. రిజర్వు పక్కనే నబోయిషో, ఒలారే మోటోరోగి, మారా నార్త్ లాంటి కన్సర్వెన్సీలు ఉన్నాయి. మసాయి కుటుంబాలు తమ భూమిని క్యాంపులకి కౌలుకిచ్చి నడుపుతున్న అడవులు. అక్కడ బస చేసినవాళ్ళ బండ్లే తిరుగుతాయి, రాత్రిపూట డ్రైవ్ కూడా ఉంటుంది. ఖరీదు మాత్రం గట్టిగానే ఉంటుంది. అంత పెట్టలేకపోతే రిజర్వులోనే మారా నదికి పడమర ఉన్న మారా ట్రయాంగిల్ అనే భాగం అడగండి, అక్కడ అదుపు ఎక్కువ.

మసాయి పల్లె చూడటం మా ప్యాకేజీలో "ఇన్‌క్లూడెడ్". అక్కడికి వెళ్ళాక తలకి 30 డాలర్లు అడిగారు, బేరమాడితే 20 అయింది. ఎగురుతూ చేసే నాట్యం, కర్రలు రుద్ది నిప్పు పుట్టించడం, పేడా మట్టీ కలిపి ఆడవాళ్ళు కట్టిన ఇల్లు, అన్నీ చకచకా చూపించి చివరికి పూసల దండల వరసలోకి తోలారు. మా తర్వాత బృందం అప్పటికే బయట నిలబడి ఉంది. మా ఆవిడ ఒక దండ ధర అడిగితే అమ్మేవాడు చెప్పిన రేటుకి నాలుగో వంతుకి ఇచ్చాడు, ఎం-పెసా (ఫోన్‌తో డబ్బు కట్టే పద్ధతి) ఉందా అని కూడా అడిగాడు. వాళ్ళ బతుకుతెరువు వాళ్ళది. ఇంటి లోపల చీకట్లో ఒక ముసలమ్మ కూర్చుని ఉంటే, ఆమెని అడక్కుండా మావాళ్ళు ఫ్లాష్ కొట్టి ఫోటోలు తీయడమే నాకు నచ్చలేదు.

బండి గురించి కూడా చెప్పాలి. "ల్యాండ్ క్రూయిజర్, ప్రతి ఒక్కరికీ కిటికీ సీటు" అన్నారు. వచ్చింది పైకప్పు లేచే పాత వ్యాన్. ఒకరు ఎప్పుడూ మధ్య సీటులోనే. కప్పు ఒక పక్క సరిగా లేవదు, డ్రైవర్ దానికో చెక్కముక్క ఆనించి పెట్టేవాడు. ఆ డ్రైవర్ మాత్రం బంగారం. పక్షుల పేర్లు అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. టిప్పులు కూడా కలిపే తీసుకున్నామని కంపెనీ చెప్పింది కదా అని ఆఖరి రోజు అతన్ని అడిగితే, తనకి ఏమీ అందలేదన్నాడు. మేం విడిగా చందా వేసి ఇచ్చాం.

బయల్దేరేముందు చెప్పాల్సినవీ చెప్పలేదు. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లో క్వారంటైన్‌కి పంపొచ్చు. టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. కంపెనీ ఆఖరి వారాల్లో గుర్తుచేస్తే అందరం టెన్షన్‌గా పరిగెత్తాం. ఇంకోటి, కెన్యాలో 2017 నుంచి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు నిషేధం, 2020 నుంచి పార్కుల్లోకి వాడి పారేసే నీళ్ళ సీసాలూ రానివ్వరు. ఆవకాయ, కందిపొడి కవర్లలో కట్టుకొచ్చినవాళ్ళు నైరోబీలో డబ్బాలు వెతుక్కున్నారు. డాలర్లు తీసుకెళ్తే కొత్త నోట్లే పట్టుకెళ్ళండి, పాతవి చాలాచోట్ల తీసుకోరు.

బాగున్నవి రెండు. ఒకటి నైవాషా సరస్సు ఒడ్డున బస. రాత్రయితే నీటిగుర్రాలు లాన్‌లోకి మేతకి వస్తాయి, అందుకని భోజనశాల నుంచి గది దాకా కాపలా మనిషి టార్చి పట్టుకుని వెంట వచ్చేవాడు. తిండి, మంచం, వేడినీళ్ళు, దేనికీ వంకపెట్టలేం. అక్కడ మాత్రం ఒక్క రాత్రే ఉంచారు. రెండోది అంబోసెలి పార్కు. చిత్తడిలో నడుం దాకా దిగి గడ్డి పీక్కుంటున్న ఏనుగులు, వాటి వీపుల మీద తెల్ల కొంగలు. పొద్దున ఏడులోపు కిలిమంజారో కనబడింది, ఆ తర్వాత మబ్బు కప్పేసింది. ఆ కొండ టాంజానియాలో ఉంది, 5,895 మీటర్లు, రోజులో ఎక్కువసేపు మబ్బులోనే ఉంటుంది. "కిలిమంజారో వ్యూ రూమ్" అని అదనంగా కట్టించుకున్నారు. మా కిటికీకీ కొండకీ మధ్య చెట్ల వరస అడ్డం. డబ్బు కట్టని పక్క కాటేజీ వరండా నుంచి కొండ బ్రహ్మాండంగా కనబడుతోంది.

తిరిగొచ్చాక టికెట్ల లెక్క, వ్యూ రూమ్ డబ్బు, పల్లెలో కట్టిన డాలర్లు అన్నీ రాసి కంపెనీకి మెయిల్ పెట్టాం. రెండు వారాలకి జవాబు వచ్చింది. "స్థానిక పరిస్థితులను బట్టి కార్యక్రమంలో మార్పులు ఉండవచ్చు" అన్న నిబంధన చూపించి, తర్వాతి టూర్‌కి ఐదు శాతం తగ్గింపు కూపన్ పంపారు. సూళ్ళూరుపేట ఆయన ఆ కూపన్ తీసుకోలేదు. వినియోగదారుల ఫోరంలో కేసు వేస్తానంటున్నారు, మా అందరి కాగితాలూ ఆయన దగ్గరే ఉన్నాయి.