పీతలు: ఆవిరి మీదా, నీళ్లలోనా?

అరకిలో తూగే మడపీత దొరికితే నా ఓటు ఆవిరికే. ఇడ్లీ పాత్రలో నీళ్లు మరిగాక పీతను వెల్లకిలా పెట్టి మూత బిగిస్తే 20 నిమిషాలు. డిప్పలోని పసుపు కొవ్వు కారిపోదు, మాంసం తియ్యగా ఉంటుంది.

నీళ్లలో వేస్తే 15 నిమిషాలు చాలు, ఉప్పూ లోపలికి పడుతుంది. కానీ రుచి కొంత గిన్నెలోకి దిగిపోతుంది. ఆ నీళ్లు పులుసులో పోస్తే సరే, పారబోస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పదిమందికి వండాలంటే మాత్రం నీళ్లే నయం, నా ఇడ్లీ పాత్రలో రెండుకు మించి పట్టవు.

ఏ పద్ధతైనా బతికున్న పీతను ముందు అరగంట ఫ్రీజర్‌లో పెట్టాలి. ఓసారి తొందరపడి నేరుగా వేశాను, కాళ్లన్నీ విదిల్చేసుకుంది.