కళ్లు మార్చాలా, కాలం మార్చాలా? పురాణ కథల స్టోరీబుక్‌లలో ఏది మేలు?

అమెరికాలో ఓక్లహోమా విశ్వవిద్యాలయం విద్యార్థులు భారతీయ ఇతిహాసాల ఆన్‌లైన్ కోర్సు కోసం చేసిన స్టోరీబుక్ సైట్ల (ఇతిహాసాల్లోని కొన్ని కథలను తమ పద్ధతిలో తిరగరాసి పెట్టిన చిన్న వెబ్‌సైట్ల) గురించి నేను రాసినప్పటి నుంచి ఒకటే ప్రశ్న: "మావాడూ అలాంటిది చేస్తానంటున్నాడు, ఏ రకం చేయమంటారు?" ఈమధ్య మా ఇంట్లోనూ అదే పంచాయితీ నడిచింది కాబట్టి చెబుతున్నాను.

ఆ సైట్లలో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. ఒకటి, కథను ఉన్నచోటే ఉంచి చెప్పే మనిషిని మార్చడం: మండోదరో జటాయువో చెబుతారు. రెండోది, కథను ఎత్తి ఈ కాలంలో పెట్టడం: అయోధ్య ఒక కంపెనీ, అరణ్యవాసం ఎక్కడికో ట్రాన్స్‌ఫర్.

రెండోది మొదలుపెట్టడం సులువు, నవ్వించడం ఇంకా సులువు. హనుమంతుడు సముద్రం దూకకుండా ఫోన్లో లొకేషన్ చూసుకుంటాడు. కానీ కైకేయి వరాలు అడిగే దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోతుంది. దశరథుడు కంపెనీ ఛైర్మన్ అయితే "ఎప్పుడో అన్నమాట, ఇప్పుడు కుదరదు" అనేయొచ్చు కదా? అనలేకపోవడమే రామాయణం. ఇచ్చిన మాటకు ప్రాణమంత బరువున్న లోకం నుంచి కథను బయటికి లాగితే ఆ బరువుకు బదులు ఇంకొకటి పెట్టాలి. చాలామంది పెట్టరు.

జూదం ఇంకా కష్టం. కాసినోలో పెట్టిన ధర్మరాజు అప్పులపాలవుతాడు, అంతే. "తానోడి నన్నోడెనా, నన్నోడి తానోడెనా" అని ద్రౌపది అడిగిన ప్రశ్నకు అక్కడ చోటే లేదు. భార్యను పణంగా పెట్టడం చెల్లదని కాసినో గుమాస్తాకు కూడా తెలుసు. ఆ ప్రశ్నకు సభలో భీష్ముడంతటివాడు తడబడ్డాడు. అది పోయాక మిగిలేది పేకాట కథ.

అదే సభను వికర్ణుడి కళ్లతో చూడండి. కౌరవుల్లో ఒకడై ఉండి ఇది అధర్మమని లేచి చెప్పినవాడు, కర్ణుడి చేత చీవాట్లు తిన్నవాడు, చివరికి అన్నల పక్షానే యుద్ధానికి దిగినవాడు. ఒక్క సంఘటన కూడా మార్చనక్కర్లేదు. నా ఓటు ఎటో తెలిసిపోయింది కదా.

ఇందులోనూ ఒక జబ్బుంది. కైకేయి చెబితే కైకేయి మంచిది, రావణుడు చెబితే రావణుడు మంచివాడు. వకీలు వాదనలా తయారవుతుంది. మన ఊర్మిళాదేవి నిద్ర పాట చూడండి. పద్నాలుగేళ్ల నిద్ర లేచి, ఎదురుగా ఉన్నది మొగుడని తెలియక పరాయివాడనుకుని గద్దిస్తుంది. ఎవరి తరఫునా వాదించదు, అయినా ఊర్మిళ పడిందంతా వినబడుతుంది.

ఏ రకమైనా, ఆ విద్యార్థులు ప్రతి కథ కింద పెట్టిన రచయిత మాట లాంటిదాన్ని మాత్రం వదలొద్దు. మూలం ఏది, నేను మార్చింది ఏది అని నాలుగు ముక్కలు. ఆర్.కె. నారాయణ్ 1972లో కంబ రామాయణం ఆధారంగా రాసిన పుస్తకం చదివినవాళ్లు, రావణుడు సీతను ముట్టకుండా నేలతో సహా పెకలించుకుపోయాడని రాస్తారు. వాల్మీకి మాత్రమే తెలిసినవాళ్లకు అది పిల్లల తప్పులా కనిపిస్తుంది. ఆ నాలుగు ముక్కలుంటే గొడవే లేదు.

ఉత్తరాలు, డైరీలు, టీవీ ఇంటర్వ్యూలు అంటారా, ఒక కథకు సరదాగా ఉంటాయి. నాలుగు కథలు లాగలేవు.

మా అమ్మాయి ముందు కాలేజీ బాస్కెట్‌బాల్ మహాభారతం అంది, రెండు పేజీలు రాసి వికర్ణుడి వైపు తిరిగింది. ఇప్పుడు యుద్ధం పద్నాలుగో రోజు దగ్గర ఆగింది. చెప్పేవాడే భీముడి చేతిలో చచ్చిపోతాడు మరి. మిగతాది చంపి ఏడ్చిన భీముడి చేతే చెప్పిస్తే ఎలా ఉంటుందని నిన్న రాత్రి అడిగింది.